పరుగెత్తని దీపాలు, వెనక్కి తిరిగే చక్రాలు



కంటికి సంబంధించిన సంగతి రేడియోలో ఎలా చెబుతావని మా ఇంట్లోనే ఒకరు ఎగతాళి చేశారు. నాకేమీ ఇబ్బంది కనిపించలేదు. ఇవాళ చెప్పబోయేవన్నీ మీరు ఇదివరకే చూసినవి. బెజవాడలో నాలుగు రోజులు తిరిగినవాళ్ళయితే మరీను. బొమ్మ గీసి చూపించే పని లేదు, గుర్తుచేస్తే చాలు.

దసరా రోజుల్లో దీపాలు పెట్టే వేళకు గవర్నర్‌పేట వెళ్ళండి. బీసెంట్ రోడ్డులో అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. ఆ తొక్కిడిలోనే ఒక్క క్షణం తలెత్తి చూడండి. ఏదో ఒక బట్టల కొట్టు బోర్డు చుట్టూ సీరియల్ బల్బులు పరుగు తీస్తూ ఉంటాయి. ఎడమ నుంచి కుడికి, కుడి మూల దగ్గర మలుపు తిరిగి కిందికి, మళ్ళీ చుట్టూ తిరిగి మొదటికి. చంకలో ఉన్న పిల్లవాడు కూడా ఆ దీపం వెంట తల తిప్పుతాడు. ఇంతకీ అక్కడ పరుగెత్తేది ఏది? బల్బు కదలదు. తీగ కదలదు. ప్రతి బల్బూ ఉన్నచోటే వెలుగుతుంది, ఉన్నచోటే ఆరుతుంది. పరుగు మొత్తం చూసేవాడి తలలో ఉంది.

పరుగు మాట అలా ఉంచండి. దాని దిక్కు ఎక్కడిది? ఎడమ నుంచి కుడికే పోతోందని, కుడి నుంచి ఎడమకు కాదని మనకు ఎవరు చెప్పారు? నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. కదలిక ఎటు అన్నది కన్ను చూసేది కాదు, లోపల మెదడు తేల్చేది. అది ఏ లెక్కన తేలుస్తుందో తెలిస్తే ఎక్కడ పొరబడుతుందో కూడా తెలుస్తుంది.

లైట్లు కట్టే కుర్రాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు, సిద్ధాంతం పేరు చెప్పకపోవచ్చు. పరుగెత్తే దండలో బల్బులు మూడు జట్లుగా ఉంటాయి. మొదటి బల్బు ఒకటో జట్టు, దాని పక్కది రెండో జట్టు, ఆ పక్కది మూడో జట్టు, నాలుగో బల్బు మళ్ళీ ఒకటో జట్టు. ఇలా చివరిదాకా. ఒక్కో జట్టుకు ఒక్కో తీగ. చిన్న పెట్టెలాంటి కంట్రోలరు ఒకటి, రెండు, మూడు అని వరసగా కరెంటు ఇస్తూ పోతుంది. ఒకటో జట్టు ఆరి రెండో జట్టు వెలిగిందనుకోండి. ఆరిన బల్బుకు కుడివైపు రెండో జట్టు బల్బు ఒక్క గడి దూరంలో ఉంది. ఎడమవైపు కూడా రెండో జట్టు బల్బు ఉంది, కానీ అది రెండు గడుల అవతల. మెదడు దగ్గరదాన్నే పట్టుకుంటుంది. అందుకని వెలుగు కుడికి పోయిందని తేల్చేస్తుంది. మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేసి బిగించండి, దండ మొత్తం ఎడమకు పరుగెడుతుంది. మన డెల్టా రైతులకు ఇది కొత్తగా ఉండదు. త్రీఫేజు మోటారు తిరగేసి తిరుగుతుంటే స్టార్టరు దగ్గర ఏ రెండు ఫేజులనో మార్చి కడతారే, అచ్చం అదే మరామత్తు ఇక్కడా పనిచేస్తుంది.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. మూడు జట్లకు బదులు రెండే జట్లు ఉంటే? ఒకటి వెలిగి ఆరగానే రెండోది. రెండోది ఆరగానే ఒకటోది. ఇక్కడ కుడివైపు బల్బూ, ఎడమవైపు బల్బూ సమాన దూరంలో ఉంటాయి. దగ్గరదేదో తేల్చుకోవడానికి ఆధారం లేదు. చిత్రమేమిటంటే, మెదడు అప్పుడు కూడా చేతులెత్తేయదు. ఏదో ఒక దిక్కును ఎంచుకుంటుంది. కాసేపు చూశాక దానంతట అదే మనసు మార్చుకుంటుంది. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదువుకొని అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్, ఆయన సహచరుడు స్టువర్ట్ యాన్‌స్టిస్ 1980లలో ఇలాంటి ఎటూ తేలని చుక్కల జతలను తెర నిండా పరిచి చూశారు. ఒక జత ఒకవైపు, ఇంకో జత ఇంకోవైపు కదిలినట్టు కనిపించలేదు. దిక్కు మారితే అన్నీ ఒక్కసారే మారాయి. విడివిడిగా తీర్పులు ఇవ్వడం మెదడుకు ఇష్టం ఉండదు. ఊరందరికీ ఒకే మాట.

ఈ చదువుకు పునాది పడింది ఒక రైలు ప్రయాణంలో అంటారు. 1910 వేసవిలో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సెలవు గడపడానికి వియన్నా నుంచి రైలెక్కాడు. దారిలో ఏదో తోచి, సెలవు సంగతి పక్కనపెట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయాడు. బజారులో బొమ్మలు కదిలినట్టు చూపించే పిల్లల ఆటవస్తువు ఒకటి కొన్నాడు. దానితో మొదలుపెట్టి, రెండు గీతలను ఒకదాని తరవాత ఒకటి చూపిస్తూ మధ్య వ్యవధిని మార్చుతూ పోయాడు. సెకనులో ఐదో వంతు ఎడం ఇస్తే ఒకటి పోయి ఇంకొకటి వచ్చినట్టు ఉంది. ముప్పయ్యో వంతుకు తగ్గిస్తే రెండూ కలిసి వెలిగినట్టు ఉంది. ఆ రెంటికీ మధ్య, సుమారు పదహారో వంతు దగ్గర, గీత ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది. ఉన్నవి రెండు గీతలే, కనిపించింది ఒకే గీత నడక. 1912లో అచ్చయిన ఆ వ్యాసం చిన్న సంచలనం కాదు. దాని మీద ఒక శాస్త్ర సంప్రదాయమే లేచింది. మన బీసెంట్ రోడ్డు దండలకు మూలపురుషుణ్ణి వెతకాలంటే ఆయన్నే చెప్పుకోవాలి.

సినిమా సంగతి చెప్పకుండా బెజవాడలో కదలిక గురించి మాట్లాడితే ఊరు ఒప్పుకోదు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసిన ఊరు ఇది. తెలుగు సినిమా పంపిణీకి దశాబ్దాలపాటు రాజధాని. గవర్నర్‌పేట, గాంధీనగర్ వీధుల్లో ఫిల్ము పెట్టెలు రిక్షాలకెక్కి హాళ్ళకు వెళ్ళడం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పెట్టెల్లో ఉన్నదేమిటి? సెకనుకు 24 చొప్పున నిలబడిపోయిన బొమ్మలు. కదలిక పెట్టెలో లేదు, నేల టిక్కెట్టువాడి తలలోనూ బాల్కనీవాడి తలలోనూ సమానంగా ఉంది.

పౌరాణిక చిత్రాల్లో రథం వేగం పుంజుకున్నప్పుడు చక్రాలు చూశారా? మొదట సరిగానే తిరుగుతాయి. తరవాత తికమకగా కొట్టుకుంటాయి. ఆ తరవాత హాయిగా వెనక్కి తిరగడం మొదలుపెడతాయి. గుర్రాలు ముందుకే, రథం ముందుకే, అర్జునుడి బాణం ముందుకే, చక్రం మాత్రం వెనక్కి. కర్ణుడి చక్రం నేలలో దిగబడిందని వ్యాసుడు రాశాడు. వెనక్కి తిరిగిందని ఎక్కడా రాయలేదు. ఆ ఘనత కెమెరాది.

దీని లెక్క కాగితం లేకుండానే చెప్పుకోవచ్చు. చక్రానికి 12 ఆకులున్నాయనుకోండి. ఆకుకూ ఆకుకూ మధ్య 30 డిగ్రీలు. కెమెరా సెకనులో ఇరవైనాలుగో వంతుకొక బొమ్మ తీస్తుంది. ఆ మధ్యకాలంలో చక్రం సరిగ్గా 30 డిగ్రీలు తిరిగితే, ఒక ఆకు ఉన్నచోటికి పక్క ఆకు వచ్చి నిలబడుతుంది. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి గనక చక్రం కదలనట్టే. 30కి బదులు 27 డిగ్రీలే తిరిగితే? ఒక ఆకు 27 డిగ్రీలు ముందుకు వచ్చిందనీ అనుకోవచ్చు, దాని ముందున్న ఆకు 3 డిగ్రీలు వెనక్కి జరిగిందనీ అనుకోవచ్చు. దగ్గరదాన్నే పట్టుకోవడం మెదడు అలవాటని దీపాల దగ్గరే చెప్పుకున్నాం. 3 డిగ్రీలనే పట్టుకుంటుంది. చక్రం నిదానంగా వెనక్కి తిరుగుతుంది.

ఇంకో మెట్టు దిగి చూద్దాం. చక్రం అడ్డం నాలుగు అడుగులైతే చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. సెకనుకు రెండు చుట్లు తిరిగినప్పుడు అది నిలబడినట్టు కనిపిస్తుంది. అంటే గంటకు సుమారు 27 కిలోమీటర్ల వేగం. సరిగ్గా దానిలో సగం, 13, 14 కిలోమీటర్ల దగ్గర, చక్రం ఎటు తిరుగుతోందో తేలదు. ఈ రెంటికీ మధ్య వేగంలో రథం ఉన్నంతసేపూ చక్రం వెనకడుగే. గుర్రాలను కాస్త జోరుగా తోలగానే అందుకునే వేగం ఇదే. అందుకే ఏ భాష సినిమాలోనైనా రథాలకూ జట్కాలకూ గుర్రపు బండ్లకూ ఈ జబ్బు తప్పలేదు.

ఇంట్లో చూడాలంటే సెల్‌ఫోన్ చాలు. సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంలో పెట్టి, పగటి వెలుతురులో వీడియో తీయండి. మామూలు ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. మూడు రెక్కల ఫ్యానుకు రెక్కకూ రెక్కకూ మధ్య 120 డిగ్రీలు. ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే బొమ్మకూ బొమ్మకూ మధ్య రెక్క 60 డిగ్రీలు జరుగుతుంది. సరిగ్గా సగం, ఎటూ తేలని చోటు. మన ఫ్యాన్లు పూర్తి వేగంలో సాధారణంగా 300 దాటుతాయి గనక వీడియోలో అది వెనక్కి తిరుగుతూ కనిపించాలి. రెగ్యులేటరు ఒకటి రెండు అంకెలు తగ్గించండి, బుద్ధిగా ముందుకు తిరుగుతుంది. పిల్లలకు ఇది చేసి చూపించండి. పాఠం చెప్పేటప్పుడు ఎన్ని బొమ్మలు గీసినా పట్టుబడని సంగతి, ఫ్యాను స్విచ్చి దగ్గర ఇట్టే ఒంటబడుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ముక్కలు ముక్కలుగా చూడటం వల్ల వచ్చిన పొరపాట్లు. ఏ ముక్కలూ లేకుండా, పట్టపగలు, ఎదురుగా ఉన్నదాన్ని తేరిపార చూస్తూ కూడా మనం దిక్కు తప్పుతాం. దానికి విజయవాడ జంక్షన్‌ను మించిన చోటు లేదు.

పది ప్లాట్‌ఫారాల స్టేషను. మీ రైలు ఆగి ఉంది. కిటికీ అవతల ఇంకో రైలు నిలబడి ఉంది. మెల్లగా కదిలింది మీ రైలే. టీ గ్లాసు సర్దుకున్నారు, అమ్మయ్య అనుకున్నారు. పక్క రైలు చివరి పెట్టె దాటిపోగానే ఎదుట ప్లాట్‌ఫారం స్తంభం, దాని పక్కన నిమ్మళంగా ఇడ్లీ తింటున్న మనిషి. మీరు అంగుళం కదలలేదు. కదిలింది పక్క రైలు.

ఇందులో తప్పు చెవిది కూడా. లోపలి చెవిలో తూకం చూసే అర్ధచంద్రాకారపు గొట్టాలూ, సన్నటి రాళ్ళున్న సంచులూ ఉంటాయి. అవి వేగం మారినప్పుడే పలుకుతాయి, నిలకడగా పోయే వేగాన్ని పసిగట్టలేవు. రైలు కదిలే తీరు మరీ మెత్తగా ఉంటుంది గనక నిజంగా కదిలినా చెవికి తెలియదు. కదల్లేదని ఖండించడానికీ దానికి సాక్ష్యం లేదు. అప్పుడు మాట చెల్లేది కంటిదే. కన్నుకు ఒక పాత నమ్మకం ఉంది. చూపు నిండా పరుచుకున్నది ఏదైనా భూమిలాగా స్థిరంగా ఉండాలి. చూపు నిండా ఉన్నది పక్క రైలు. అది స్థిరమైతే కదిలింది మనమే కదా.

1929లో జర్మనీలో కార్ల్ డుంకర్ ఇదే సూత్రాన్ని చీకటి గదిలో చిన్న చుక్కతో, దాని చుట్టూ కట్టిన చట్రంతో పరీక్షించాడు. చట్రాన్ని కుడికి జరిపితే చుక్క ఎడమకు పోయినట్టు కనిపించింది. కార్తీక పున్నమి నాడు మబ్బుల్లో పరుగెత్తే చంద్రుడు ఈ చుక్కే. మబ్బులు పెద్దవి, చంద్రుడు చిన్నవాడు. మెదడు న్యాయం ఎప్పుడూ పెద్దవాళ్ళ పక్షం. పాత సినిమాల్లో స్టూడియోలో నిలబెట్టిన కారులో కూర్చుని స్టీరింగు ఊపుతున్న హీరో, వెనక తెర మీద రోడ్డు పరుగెడితే, మన కళ్ళకు గంటకు అరవై మైళ్ళ వేగంతో పోయింది కూడా ఇందువల్లనే.

చట్రమే లేకపోతే ఇంకా విడ్డూరం. కార్తీకంలో గుడి ముందు ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతారు. దీపాల వెలుతురు లేని ఊళ్ళో, కటిక చీకట్లో, స్తంభం కూడా ఆనని దూరం నుంచి ఆ ఒక్క చుక్కనే కన్నార్పకుండా చూడండి. కాసేపటికి అది ఇటూ అటూ తేలిపోవడం మొదలుపెడుతుంది. గాలి లేని రాత్రి కూడా. దేనితో పోల్చుకోవాలో తెలియనప్పుడు మెదడు కదలికను సొంతంగా పుట్టించుకుంటుంది.

స్టేషను సంగతి ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. కాజీపేట నుంచి వచ్చి విశాఖపట్నం పోవలసిన రైళ్ళకు విజయవాడలో ఇంజను అవతలి కొసకు మారుతుంది. ఆ రెండు లైన్లూ స్టేషనుకు ఒకే వైపు నుంచి విడిపోతాయి గనక. వరంగల్ దాటగానే నిద్రపోయి ఏలూరు దగ్గర లేచినవాడు మళ్ళీ హైదరాబాదు పోతున్నామా అని గాభరా పడటం ఈ లైనులో పాత ముచ్చట. ఇది కంటి భ్రమ కాదు, మనసులో గీసుకున్న పటం తిరగబడటం. అయినా ఒంటికి తోచే తికమక మాత్రం అదే.

ఇప్పుడు కృష్ణ ఒడ్డుకు పోదాం. ప్రకాశం బ్యారేజి, 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. వరద రోజుల్లో గేట్లన్నీ ఎత్తినప్పుడు వంతెన మీద నిలబడి ఎగువ వైపు కిందికి చూస్తూ ఉండండి. ఎర్రటి నీళ్ళు మీ కాళ్ళ కిందికి దూసుకొస్తుంటాయి. కొంతసేపటికి నీళ్ళు ఆగిపోతాయి, వంతెన మిమ్మల్ని తీసుకుని అమరావతి వైపు సాగిపోతుంది. ఊరికే చెబుతున్నది కాదు, రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నవాళ్ళందరికీ అనుభవమే. ఎర్నెస్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, వేగాన్ని శబ్ద వేగంతో పోల్చి చెప్పే మాక్ సంఖ్య ఆయన పేరుదే, వంతెన మీద నుంచి పారే నీళ్ళను చూసి ఈ సంగతినే రాసిపెట్టాడు.

దిగువ వైపు పోతే ఇంకోటి. గేటు కింది నుంచి దూకే నీటి మీద ఒకేచోట అర నిమిషం చూపు నిలపండి. ఆ వెంటనే పక్కనున్న రాతి కట్టడం వైపో, ఇంద్రకీలాద్రి వైపో చూడండి. కొండ పైకి లేస్తున్నట్టు ఉంటుంది. లేస్తూనే ఉంటుంది, కానీ ఉన్నచోటు దాటదు. కదలిక ఉంది, జరగడం లేదు! తర్కానికి పొసగని ఈ అనుభవం కంటికి మాత్రం పూర్తిగా పొసగుతుంది. వేగంగా పారే నది నుంచి చూపు తిప్పితే నిలకడగా ఉన్నవి కదిలినట్టు తోస్తాయని అరిస్టాటిల్ కలల గురించి రాసిన పుస్తకంలోనే ప్రస్తావించాడు. 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లాండులో ఫోయర్స్ జలపాతం దగ్గర దీన్ని చూసి వివరంగా రాశాడు. తరవాత దీనికి జలపాతపు భ్రమ అనే పేరు స్థిరపడింది. ఆయన మన కృష్ణమ్మ వరద చూసి ఉంటే ఏ పేరు వచ్చేదో.

కారణం ఏమిటి? మన చూపు వ్యవస్థలో ఒక్కో దిక్కుకు ఒక్కో రకం కణాలు కాపలా ఉన్నాయి. కిందికి పోయే కదలికకు కొన్ని, పైకి పోయేదానికి కొన్ని. ఏదీ కదలనప్పుడు కూడా అన్నీ కొద్దికొద్దిగా పలుకుతూనే ఉంటాయి, రెండు వైపులా సరిసమానం గనక నిలకడ అని అర్థం. నీళ్ళు దూకుతున్నంతసేపూ కిందికి చూసే కణాలు పలికి పలికి అలసిపోతాయి. చూపు కొండ మీదికి మళ్ళినప్పుడు వాటి గొంతు తగ్గిపోతుంది, పైకి చూసే కణాలదే పైచేయి అవుతుంది. కొండ పైకి పోతోందని తీర్పు వస్తుంది. 1963లో బార్లో, హిల్ అనే ఇద్దరు కుందేలు కంటిపొర మీద ఈ అలసటను కొలిచి చూపించారు.

దిక్కును తేల్చే చోటు మెదడులో విడిగా ఉందనడానికి గట్టి సాక్ష్యాలు రెండున్నాయి. 1983లో మ్యూనిక్ పరిశోధకులు ఒక స్త్రీ సంగతి ప్రకటించారు. మెదడు వెనక భాగం దెబ్బతిన్న ఆమెకు రంగులు తెలుసు, రూపాలు తెలుసు, మనుషులు తెలుసు, కదలిక మాత్రం కనిపించదు. కప్పులోకి టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలబడి ఉండేది. ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు దాటబోతే కారు దూరంగా ఉండేది, మరుక్షణం మీదే ఉండేది, మధ్యలో ఏమీ లేదు. ఏలూరు రోడ్డు దాటేవాళ్ళకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. రెండోది 1990 నాటిది. స్టాన్‌ఫర్డ్‌లో విలియం న్యూసమ్ బృందం కోతుల మెదడులో కదలికను చూసే ప్రాంతానికి అతి సన్నటి కరెంటు పంపింది. ఎదుట తెర మీద చుక్కలు ఎటు పోతున్నాయో చెప్పడానికి శిక్షణ పొందిన కోతులవి. ఏ దిక్కును చూసే కణాలకు కరెంటు తగిలిందో, కోతి తీర్పు ఆ దిక్కుకే మొగ్గింది. తెర మీద చుక్కలు మారలేదు, తీర్పు మారింది.

ఇంత చెప్పాక కళ్ళను నమ్మకూడదని వేదాంతంలోకి దిగడం సులువు. నేను దిగను. పదిహేను వందల ఏళ్ళ కిందట, 499లో, ఆర్యభటుడు ఇదే భ్రమను ఎంతో చక్కగా వాడుకున్నాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోయినట్టు ఎలా ఉంటుందో, నిలిచి ఉన్న నక్షత్రాలు పడమటికి పోయినట్టు అలాగే కనిపిస్తాయన్నాడు. భూమి తిరుగుతోందన్న మాటను పడవవాడి కంటితో చెప్పాడు. భ్రమను తెలుసుకున్నవాడికి భ్రమే పనిముట్టు అవుతుంది.

ఆ పనిముట్టు మన ఆటోనగర్‌లో రోజూ కళ్ళెదుట ఉంటుంది. లేతు మిషను ముందు నిలబడండి. మిషను పొడవునా అడ్డంగా మరలు కోసిన పొడుగాటి కడ్డీ ఉంటుంది, లీడ్ స్క్రూ అంటారు. అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. చూసేవాడికి మాత్రం మరలన్నీ పక్కకు ప్రవాహంలా సాగిపోతుంటాయి. తిరిగే దిశ మారిస్తే ప్రవాహం ఇటు మళ్ళుతుంది. మరకూ మరకూ తేడా లేదు గనక, ఏ మర ఎటు పోయిందో కంటికి ఆనవాలు దొరకదు. గీతల అంచు పక్కకు జరగడం ఒక్కటే తెలుస్తుంది, కడ్డీ పొడుగును బట్టి దిక్కు పొడుగువాటుగా తేలుతుంది. హాన్స్ వాలక్ 1935లో ఈ సంగతిని విడమరిచి రాశాడు. కొత్త సెలూన్ల ముందు ఎరుపు, తెలుపు, నీలం చారల గొట్టం ఎప్పటికీ పైకి పోతూ ఉంటుంది చూడండి, అదీ ఇదే. ఇందులో ప్రమాదం లేదు, చూసి ఆనందించవచ్చు.

ప్రమాదం ఉన్నది ఇంకొకటి. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు. పాతరకం చోకు ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మసకబారి వెలుగుతుంది. మనకు తెలియదు. తిరిగే యంత్రానికి అది సినిమా కెమెరాలా పనిచేస్తుంది. సాధారణ మోటారు మీద నిమిషానికి 1,440 చుట్లు అని రాసి ఉంటుంది. దానికి నాలుగు ఆకుల పుల్లీ ఉందనుకోండి. వెలుగుకూ వెలుగుకూ మధ్య పుల్లీ 86.4 డిగ్రీలు తిరుగుతుంది. ఆకుల మధ్య ఎడం 90. తేడా 3.6 డిగ్రీలు, వెనక్కి. వంద వెలుగులకు సరిగ్గా ఒక చుట్టు. అంటే సెకనుకు 24 చుట్లు ముందుకు దూసుకుపోయే పుల్లీ, సెకనుకు ఒక్క చుట్టు చొప్పున బద్ధకంగా వెనక్కి తిరుగుతూ కనిపిస్తుంది. ఎలక్ట్రికల్ ప్రయోగశాలల్లో మోటారు వేగం తరుగును ఈ ఉపాయంతోనే కొలుస్తారు. నాలుగు దవడల చక్కు 1,500 చుట్ల దగ్గరైతే అసలు ఆగిపోయినట్టే ఉంటుంది. ఆగిందనుకుని కొలబద్ద పెట్టబోయిన చేతికి ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు.

విరుగుడు పెద్ద ఖర్చు కాదు. వర్క్‌షాపులో పక్కపక్కనున్న లైట్లను ఒకే ఫేజుకు కాకుండా మూడు ఫేజులకూ పంచి వేయించండి. ఒకటి మసకబారే క్షణంలో పక్కది వెలుగుతూ ఉంటుంది. పాత చోకులు తీసేసి ఎలక్ట్రానిక్ చోకులు పెట్టించండి, అవి సెకనుకు వేలసార్లు వెలిగిస్తాయి గనక ఈ బెడద ఉండదు. ఎల్‌ఈడీ వేశాం కదా అని ధీమా వద్దు. చౌకరకం ఎల్‌ఈడీలు కొన్ని అచ్చం పాత ట్యూబ్‌లైటులాగే వందసార్లు కొట్టుకుంటాయి. సెల్‌ఫోన్ కెమెరా బల్బుకు దగ్గరగా పెడితే తెర మీద నల్లటి పట్టీలు జారుతూ కనిపించేది అలాంటిదే. దాన్ని వరండాలో పెట్టుకోండి, మిషను మీద వద్దు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళకు మొదటి రోజే ఈ సంగతి చెప్పండి. చక్కు ఆగినట్టు కనిపించినా స్విచ్చి తీసి, మోటారు చప్పుడు పూర్తిగా అణిగిందాకా చెయ్యి దగ్గరికి పోనివ్వకండి.